పోర్చుగల్ సొంత ద్రాక్షలు: సీసా మీది పేర్లలో ఒక్కటీ తెలియడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

నదీతీరం (పోర్తో) · సెప్టెంబర్ 6

అందరికీ నమస్కారం. పరిశోధన పని మీద పోర్తో నగరానికి వచ్చి ఐదు నెలలయింది. హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ వైన్ అంటే నాకు తెలిసినవి నాలుగే పేర్లు: కాబెర్నే, మెర్లో, షిరాజ్, షార్డనే. ఇక్కడి దుకాణంలో అరల ముందు నిలబడితే ఆ నాలుగూ దాదాపు కనిపించవు. టురీగా నాసియొనాల్, టింటా బరోకా, ఎంక్రుజాదో, రాబిగాతో అని ఉంటాయి. కొన్ని సీసాల మీద రకం పేరే ఉండదు, ‘పాత తోటలు’ అనే అర్థం వచ్చే మాట ఒక్కటే ఉంటుంది.

మొన్న ‘బాగా’ అనే పేరు కనిపించింది. మన మాటే కదా అని సంబరపడి కొన్నాను. రెండేళ్ల కిందటి పంట. మొదటి గుక్కకే పచ్చి కరక్కాయ కొరికినట్టు నాలుక బిగుసుకుపోయింది. అది ఆ ద్రాక్ష స్వభావమా, సీసా పాడయిందా? ఒక్కో రకాన్నీ విడిగా రుచి చూస్తూ నేర్చుకోవాలా, వేరే దారి ఏమైనా ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

అటకమీద (లండన్) · సెప్టెంబర్ 6

నదీతీరం గారూ, సీసా పాడవలేదు. బాగా స్వభావమే అంత. లేత వయసులో తెరిచారు.

నేను పన్నెండేళ్లుగా ఇక్కడ వైన్ దుకాణంలో పనిచేస్తున్నాను. బాగా అంత కష్టపెట్టే ద్రాక్ష, అంత ప్రతిఫలం ఇచ్చే ద్రాక్ష పోర్చుగల్‌లో మరొకటి లేదని నా నమ్మకం. కాయ చిన్నది, గుత్తి ఒత్తు, పైగా ఆలస్యంగా పండుతుంది. దాని సొంత ఊరు బైరాదా ప్రాంతం అట్లాంటిక్ పక్కనే ఉంటుంది. కాయ పక్వానికి వచ్చే వేళకు వానలు దిగుతాయి. ఒత్తు గుత్తిలోకి నీరు చేరితే కుళ్లు. ఆ భయంతో ముందే కోస్తే వగరూ పులుపూ రెండూ విపరీతం. అందుకే అక్కడ కొంత పంటను ముందుగా కోసి నురుగు వైన్‌కు పంపుతారు, మిగిలిన గుత్తులను నిదానంగా పండనిస్తారు. మంచి ఏడాది బాగా సీసాను పదిహేను, ఇరవై ఏళ్లు ఆపి తెరవండి. ఆ వగరు కరిగి ఎండు చెర్రీల వాసన, అడవి నేల వాసన వస్తాయి.

మీ రెండో ప్రశ్నకు జవాబు: ఒక్కో రకంతో విడిగా చేసిన సీసాలతోనే మొదలుపెట్టండి. ఎర్రవాటిలో టురీగా నాసియొనాల్. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చేసరికే వయొలెట్ పూల వాసన తగులుతుంది. తెల్లవాటిలో దావ్ ప్రాంతపు ఎంక్రుజాదో. మొదట ముడుచుకుని ఉంటుంది, నాలుగైదేళ్లకు విచ్చుకుంటుంది. ఉత్తర సరిహద్దున మొన్సావ్, మెల్గాసు ఊళ్ల అల్వరీన్యో మూడోది. ఈ మూడూ పట్టుబడితే మిగతావాటికి దారి దొరుకుతుంది.

పోపులడబ్బా (అవైరో) · సెప్టెంబర్ 7

బాగాను ఖాళీ నోటితో తాగితే ఎవరికైనా అంతే. బైరాదాలో దాని పక్కన పాలు తాగే పందిపిల్ల వేపుడు ఉంటుంది. వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు, కొవ్వు కలిపి నూరిన ముద్ద పట్టించి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. ఆ కొవ్వును వగరు కోస్తుంది, వగరును కొవ్వు మెత్తబరుస్తుంది. పంది తినకపోతే షన్ఫానా తినండి. ముదురు మేక మాంసాన్ని నల్ల మట్టికుండలో ఎర్ర వైన్ పోసి గంటల తరబడి మగ్గబెడతారు. మిగిలిన సీసాతో అది ప్రయత్నించి చెప్పండి.

నల్లరేగడి (లిస్బన్) · సెప్టెంబర్ 8

అటకమీద గారి మాటల్లో ఒకదానితో నేను ఏకీభవించలేను. రకాలను విడదీసి నేర్చుకోవడం ఫ్రాన్సుకు వెలుపల కాబెర్నే, మెర్లో అమ్ముకునే దేశాల పద్ధతి. పోర్చుగల్‌లో 250కి పైగా సొంత రకాలున్నాయని ఇక్కడివారు చెబుతారు. అవి ఇన్నాళ్లు బతికింది ఒంటరిగా కాదు, ఒకదాని పక్కన ఒకటి కలిసి.

పోర్ట్ అనే తీపి వైన్‌కు పుట్టిల్లయిన దౌరో నది లోయలో, కీంతా దొ క్రాష్తో అనే వైన్ సంస్థకు మరియా తెరేజా అని ఒక తోట ఉంది. వందేళ్లు దాటింది. ఐదు హెక్టార్లు కూడా ఉండదు. తీగ తీగనూ పరీక్షించి చూస్తే అందులో 50కి పైగా రకాలు తేలాయి. తీగ ఒకటి చచ్చిపోతే దాని స్థానంలో అదే రకాన్ని అంటు కడతారు. నదీతీరం గారు చూసిన ‘పాత తోటలు’ అనే మాటకు అర్థం ఇదే. రకం పేరు రాయకపోవడం దాపరికం కాదు, యాభై పేర్లు ఒక చిన్న కాగితంలో పట్టవు.

మీరు అలాంటి పాత తోట సీసాతోనే మొదలుపెట్టండి. పేర్లు తర్వాత వాటంతట అవే వస్తాయి.

తీగపందిరి (శామీర్‌పేట) · సెప్టెంబర్ 8

నేను వైన్ తాగను బాబూ. కానీ నలభై ఏళ్లు ద్రాక్ష పండించాను. మొదట అనాబ్-ఇ-షాహీ, తర్వాత థాంప్సన్. అందుకే ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను.

ఒక తోటలో యాభై రకాలంటే నాకు గుండె ఆగినంత పనయింది. కత్తిరింపు ఎలా? మందు ఎప్పుడు కొట్టాలి? కోత ఎవరి లెక్కన? నేను రెండు రకాలు పక్కపక్కన పెట్టినందుకే ఒకటి తీపెక్కేసరికి రెండోది పళ్లు జివ్వుమనేలా ఉండేది. అక్కడి రైతు దీన్ని ఎలా నెగ్గుకొస్తాడు?

నల్లరేగడి (లిస్బన్) · సెప్టెంబర్ 9

పెద్దవారు మంచి ప్రశ్న వేశారు. మీకు ఇబ్బంది పెట్టిన ఆ తేడాయే వారికి కావలసింది. అన్నీ ఒకేరోజు కోస్తారు, ఒకే తొట్టిలో పోస్తారు. ఎక్కువ భాగం సరిగ్గా పండినవి ఉంటాయి. కొన్ని ముదిరి కిస్‌మిస్ ముఖం పట్టినవి, అవి తీపిని ఇస్తాయి. కొన్ని ఇంకా పుల్లగా ఉన్నవి, అవి దౌరో ఎండల్లో పండిన వైన్‌కు ప్రాణం పోస్తాయి. ఇది రైతు బీమా కూడా. పూతకాలంలో వాన పడితే ఒక రకం కాయ నిలవదు, దాని తర్వాత పూసేది నిలుస్తుంది. ఎండ మండితే ఒకటి వాడుతుంది, వేరు లోతుకు పోయేది తట్టుకుంటుంది. పలకరాతి కొండను పగలగొట్టి మెట్లుగా కట్టిన పొలంలో పంట మొత్తం పోవడం ఎవరికీ కుదరదు.

మీకు నచ్చే సంగతి మరొకటి. ఉత్తరాన మీన్యో ప్రాంతంలో ద్రాక్షను మన పందిరిలాగే ఎక్కించేవారు. రాతి స్తంభాలు నాటి, పొలం అంచుల వెంట ఎత్తుగా పందిరి వేసి, మధ్యలో మొక్కజొన్న పండించేవారు. ఇప్పుడు కొత్త తోటలు తీగ వరసల్లోకి మారాయి కానీ పాత పందిళ్లు ఇంకా కనిపిస్తాయి.

అటకమీద (లండన్) · సెప్టెంబర్ 10

నల్లరేగడి గారూ, పాత తోటల మీద మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి.

ఫిలాక్సెరా పురుగు 1860లలో దౌరోకు చేరింది. వేళ్లను తినేసే పురుగు అది. మెట్లకు మెట్లు ఎండిపోయాయి. వాటిని అక్కడ మృతస్థలాలు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, వాటిలో చాలా చోట్ల ఇప్పటికీ తీగ లేదు. ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్కల మీద అంటు కట్టి మళ్లీ నాటినప్పుడు రైతులు ఎక్కువ కాపు కాసే రకాల వైపు వెళ్లారు. టురీగా నాసియొనాల్ కాపు చాలా తక్కువ, గుత్తి అరచేతిలో దాగిపోతుంది. అందుకని దాన్ని పక్కన పెట్టారు. దాని పుట్టిల్లు అనుకునే దావ్‌లోనే అది వెనకబడిపోయింది.

దాన్ని మళ్లీ నిలబెట్టింది, రకాలను విడదీసి చూసినవారే. వైన్ తయారీలో ఉన్న జువావ్ నికొలావ్ ద అల్మేదా, జొజే అంతోనియో రోజాష్ కలిసి దౌరో రకాలను విడివిడిగా పులియబెట్టి, రుచి చూసి, 1981లో ఐదింటిని ముందుకు తెచ్చారు. టురీగా నాసియొనాల్, టురీగా ఫ్రాంకా, టింటా రొరీజ్, టింటా బరోకా, టింటో కావ్. అటు శాస్త్రవేత్త అంతేరో మార్తిన్ష్ 1978 నుంచి దేశమంతా తిరిగి, పాత తోటల్లో ఒకే రకానికి చెందిన వేర్వేరు తీగల నుంచి కోతలు సేకరించే పనికి నాయకత్వం వహించారు. టురీగా తీగలన్నీ ఒకేలా ఉండవు. ఒకటి ఎక్కువ కాస్తుంది, ఒకటి వాసన ఎక్కువ ఇస్తుంది. ఆ తేడాలు పోకుండా దాచడానికి 2009లో పోర్‌విద్ అనే సంఘం ఏర్పడింది. పెగోయిష్ దగ్గర దానికి పెద్ద క్షేత్రం ఉంది. తీగను పేరు పెట్టి పిలవకుండా ఈ పని ఎలా జరుగుతుంది?

2021లో ఫ్రాన్సులోని పేరుమోసిన వైన్ ప్రాంతం బోర్డో కూడా వేడిని తట్టుకునే రకాలు కావాలని టురీగా నాసియొనాల్‌ను, అల్వరీన్యోను తన నిబంధనల్లో చేర్చుకుంది. సొంత ఊళ్లోనే కనుమరుగవుతుందనుకున్న ద్రాక్షకు దక్కిన గౌరవం అది. నాకు ఆ వార్త చదివిన రోజు కళ్లు చెమర్చాయి.

నల్లరేగడి (లిస్బన్) · సెప్టెంబర్ 11

పోర్‌విద్ విషయంలో మీ మాటే సరి, ఒప్పుకుంటున్నాను. పాత తోటలే లేకపోతే వారు కోతలు ఎక్కడి నుంచి తెచ్చేవారని మాత్రం అడుగుతాను.

నా బాధ ఆ ఐదింటి గురించి. 1980లలో ప్రపంచ బ్యాంకు రుణంతో దౌరోలో కొత్త తోటలు వేసినప్పుడు ఒక్కో మడిలో ఒక్కో రకం చొప్పున వీటికే పెద్ద పీట వేశారు. మిగతావాటిని నాటే చేతులు తగ్గాయి. టింటా ఫ్రాంసిష్కా, దొన్జెలీన్యో, బష్తార్దో పేర్లు ఎంతమందికి తెలుసు? ఐదింటి ఎంపిక తప్పు అనను. ఐదుతో ఆగడం తప్పు. ఇప్పుడిప్పుడే మళ్లీ కలిపి నాటేవారు కనిపిస్తున్నారు, అది నాకు సంతోషం.

పాతసంచిక (విజయనగరం) · సెప్టెంబర్ 13

నాకు వైన్ రుచి తెలియదు, మాటల రుచి తెలుసు. మనం నూనె పీపా, తారు పీపా అంటాం కదా, ఆ పీపా పోర్చుగీసు వారి ‘పిపా’ నుంచి వచ్చిందే. మేస్త్రి, బొత్తాము, అలమారాలతో పాటు ఓడ దిగింది. దౌరోలో పోర్ట్ వైన్‌ను ఇప్పటికీ పీపాల్లో లెక్కిస్తారు. అక్కడ ఒక పీపా అంటే 550 లీటర్లు. నేను పీపా అన్నప్పుడల్లా దౌరో రైతు లెక్కకట్టే మాటనే పలుకుతున్నానని తెలిసి చాలా ఆనందం కలిగింది.

అప్పట్లో పోర్చుగల్‌ను నడిపిన మంత్రి మార్కెస్ ద పొంబాల్ 1756లో దౌరో సరిహద్దులు గీయించి గ్రానైట్ రాళ్లు పాతించాడు. రంగు కోసం వైన్‌లో ఎల్డర్ పళ్లు కలుపుతున్నారని ఆ చెట్లను కొట్టించాడు. పోర్ట్‌కు పోటీ రాకూడదని బైరాదాలో ద్రాక్ష తోటలు పీకించింది కూడా ఆయన హయాములోనే. నదీతీరం గారిని ఏడిపించిన బాగా అలాంటి కాలాన్ని కూడా దాటి వచ్చింది.

మదీరా దీవి వైన్‌కు మన వైపు సముద్రంతో సంబంధం ఉంది. ఇండియాకు వెళ్లే ఓడల్లో పీపాలు వేసి పంపితే, భూమధ్యరేఖ దాటే వేడికి, కుదుపుకి వైన్ పాడవకపోగా మెరుగయ్యేది. అమ్ముడుపోక తిరిగి వచ్చిన పీపాలే రుచిగా ఉన్నాయని గమనించి, తర్వాత కావాలనే సముద్రం మీద తిప్పి తెచ్చేవారు. దాన్ని ‘తిరిగి వచ్చిన వైన్’ అన్నారు. ఇప్పుడు ఓడ లేకుండానే వేడి అటకల మీద, వేడి తొట్లలో అదే పని చేస్తారు.

ఒక సందేహం. దక్షిణాన ఉన్న అలెంతేజో ప్రాంతంలో అలికాంట్ బుషే అనే ద్రాక్షను పొగుడుతుంటారు. అది సొంత రకమేనా?

అటకమీద (లండన్) · సెప్టెంబర్ 13

కాదు. ఫ్రాన్సులో అన్రీ బుషే 19వ శతాబ్దంలో సంకరం చేసిన రకం. కానీ అలెంతేజోలో కుదిరినంత బాగా పుట్టినచోట కుదరలేదు. అలాగే టింటా రొరీజ్, దక్షిణాన అరగొనెజ్ అనేదీ, స్పెయిన్ వారి టెంప్రనీయో ఒకటే. పోర్చుగల్‌లో ఎక్కువగా నాటిన ఎర్ర రకం అదే. మూడు పేర్లూ ఒకే ద్రాక్షవి. ఇక్కడ పేర్ల చిక్కు చాలా పెద్దది. లిస్బన్ వైపు ఫెర్నావ్ పీరెశ్ అనేదాన్ని బైరాదాలో మరియా గోమెశ్ అంటారు. పులుపు భరించలేనంత ఉండే సెర్సియల్‌కు ప్రధాన భూభాగంలో పేరు ‘కుక్క గొంతు నులిమేది’. బికాల్ కాయల మీద చిన్న మచ్చలుంటాయి కాబట్టి దావ్ రైతులు దాన్ని ‘ఈగల మరకలు’ అంటారు. నదీతీరం గారు చూసిన రాబిగాతో పేరులో పిల్లి తోక ఉంది.

నదీతీరం (పోర్తో) · సెప్టెంబర్ 29

ఇంతమంది ఓపికగా రాశారు, అందరికీ కృతజ్ఞతలు. మీ చర్చకు నా వంతు.

నాతో పనిచేసే అమ్మాయి వాళ్ల తాతగారికి పిన్యావ్ దగ్గర చిన్న తోట ఉంది. కోతకు రమ్మన్నారు. ఎనభై దాటిన పెద్దాయన. వరసలో నడుస్తూ చేతికర్రతో తీగలను తాకి పేర్లు చెబుతూ పోయారు. ఆకులు చూసి, కొన్నిచోట్ల మొదలు బెరడు చూసి. ఒక్కచోట ఆగి రెండు తీగల నుంచి చెరొక కాయ కోసి నా అరచేతిలో చిదిమారు. రెండు కాయలూ నల్లనివే. ఒకదాని రసం నీళ్లలా తెల్లగా కారింది. రెండోది సిరా. ఆ రెండోది సోజావ్. చాలా నల్ల ద్రాక్షల్లో రంగంతా తొక్కలోనే ఉంటుందని, దీనికి రసంలోనూ ఉంటుందని చెప్పారు. ఆ మరక నా వేలిగోటి అంచున మూడు రోజులు ఉంది.

సాయంత్రం తొక్కుడు. లగార్ అంటే చతురస్రపు గ్రానైట్ తొట్టి. అందులో దిగితే పళ్ల గుజ్జు తొడల దాకా వచ్చింది. మొదట ఎముకలు కొరికే చలి. భుజాల మీద చేతులు వేసుకుని రెండు వరసలుగా నిలబడ్డాం. ఒకరు ‘ఎడమ, కుడి’ అని లెక్క చెబుతుంటే అందరం కలిసి ఒక్కొక్క అడుగు. రెండు గంటలు అదే. అరికాలి కింద తొడిమలు గుచ్చుకుంటాయి, గింజలు జారిపోతాయి. కాలితో ఎందుకు, యంత్రాలున్నాయి కదా అని అడిగాను. అరికాలు మెత్తన, గింజ పగలదు, పగిలితే చేదు దిగుతుందని జవాబు. రెండు గంటలయ్యాక ‘స్వేచ్ఛ’ అని ఎవరో అరిచారు. అకార్డియన్ మోగింది. ఇక ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు చిందులు.

పెద్దాయనను సూటిగా అడిగాను, రకాలు విడిగా తెలియాలా, కలిపి తాగాలా అని. ‘తోటలో పేర్లు తెలియాలి, తొట్టిలో అక్కరలేదు’ అన్నారు.

తీగపందిరి (శామీర్‌పేట) · సెప్టెంబర్ 30

అమ్మా, ఆ పెద్దాయనకు నా నమస్కారం చెప్పు.

ఫిలాక్సెరా వచ్చి తోటలన్నీ అంటు మీదకు వెళ్లాయని అటకమీద గారు రాశారు. మేమూ డాగ్రిడ్జ్ వేరుమొక్క మీదే అంటు కడతాం, మాకు ఉప్పునేల, నీటి ఎద్దడి కారణం. సొంత వేరు మీద నిలిచిన తోట ఆ దేశంలో ఒక్కటైనా మిగిలిందా?

నల్లరేగడి (లిస్బన్) · అక్టోబర్ 2

మిగిలింది. మా ఇంటి నుంచి గంట ప్రయాణం లేదు. సింట్రా కొండల అవతల, సముద్రపు ఒడ్డున కొలారెశ్.

అక్కడి నేల ఇసుక. ఫిలాక్సెరా ఇసుకలో బతకలేదు. అందుకని అక్కడి రమీష్కో అనే ఎర్ర ద్రాక్ష, మల్వాజియా అనే తెల్ల ద్రాక్ష నేటికీ సొంత వేళ్ల మీదే ఉన్నాయి. కానీ తీగకు ఇసుకలో తిండి లేదు, కింద బంకమట్టిలో ఉంది. అందుకని ఇసుకను కందకంలా తవ్వి, అడుగున బంకమట్టిలో కోతను నాటి, తీగ పెరిగేకొద్దీ ఇసుక పూడ్చుకుంటూ వస్తారు. కొన్నిచోట్ల మీటర్ల కొద్దీ లోతు. గోడలు కూలితే ఊపిరాడక చనిపోతారని, పాత రోజుల్లో కూలీలు తలకు బుట్ట బోర్లించుకుని తవ్వేవారు. ఆ బుట్టలో ఉన్న గాలి, పైవారు లాగేదాకా.

పోయిన ఆదివారం వెళ్లాను. తీగలు పందిరీ కావు, వరసలూ కావు. ఇసుక మీద పాముల్లా పడుకుని ఉంటాయి. ఉప్పుగాలి కొట్టకుండా చుట్టూ ఎండు వెదురులాంటి రెల్లు దడులు. కాయ పండేవేళ ఇసుక వేడికి కాలకుండా చిన్న పుల్లలు ఆసరా పెట్టి తీగను జానెడు లేపుతారు. నేను మోకాళ్ల మీద కూర్చుంటే గానీ గుత్తి కనిపించలేదు. రమీష్కో వైన్ రంగు పలచన, వగరు గట్టి, ఉప్పు తగిలిన రుచి. 1908లో ఈ ప్రాంతానికి హద్దులు గీసినప్పటి నుంచి చూస్తే, ఒకప్పుడు వెయ్యి హెక్టార్లు దాటిన తోటలు ఇప్పుడు కొన్ని పదుల హెక్టార్లకు కుంచించుకుపోయాయి. పురుగు చేయలేని పని ఇళ్ల స్థలాలు చేశాయి. లిస్బన్‌కు దగ్గర, సముద్రం కనిపించే నేల, ఎవరు వదులుతారు?

తీగపందిరి (శామీర్‌పేట) · అక్టోబర్ 2

చివరి రెండు వాక్యాలు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా చుట్టుపక్కల మేడ్చల్ దాకా రోడ్డుకు రెండువైపులా ద్రాక్ష పందిళ్లే ఉండేవి. మా పందిరి రాళ్లు ఇప్పుడు ఒక లేఅవుటు గోడలో ఉన్నాయి. మా అబ్బాయి అమ్మాడు, నేనే సంతకం పెట్టాను. తప్పు ఎవరిదీ కాదు, కానీ ఆ రాళ్లు చూడకుండా ఆ దారిన పోలేను.

కొలారెశ్‌లో మిగిలిన ఆ కొద్ది తోటలు ఎవరి చేతిలో ఉన్నాయి బాబూ?

నల్లరేగడి (లిస్బన్) · అక్టోబర్ 3

కొన్ని చిన్న రైతులవి. వారి పంట 1931లో పుట్టిన సహకార సంఘానికి వెళ్తుంది. ఈ మధ్య కొత్తవారు కూడా ఇసుక తవ్వి నాటుతున్నారు. కొద్దిమందే, కానీ నాటుతున్నారు.

పోపులడబ్బా (అవైరో) · అక్టోబర్ 20

నదీతీరం గారూ, షన్ఫానా సంగతి ఏమయింది?

నదీతీరం (పోర్తో) · అక్టోబర్ 21

తిన్నాను. అదే పంట బాగా మరో సీసా కొని, రెండు గంటల ముందు తెరిచి పెట్టాను. ఆ కరక్కాయ వగరు మేక కొవ్వు తగిలేసరికి టీ డికాషన్ అంత మెత్తబడింది. మూడు సీసాలు కొని మెట్ల కింద చీకట్లో పడుకోబెట్టాను. ఒకదాని మీద 2035 అని రాశాను.

నల్లరేగడి (లిస్బన్) · నవంబర్ 12

నిన్న సెయింట్ మార్టిన్ పండుగ. అలెంతేజోలో విలా ద ఫ్రాదెశ్ అనే ఊరికి వెళ్లి వచ్చాను. తాల్యా అనే మట్టి బానలు తెరిచే రోజు అది.

మన గోలేనికి నాలుగైదు రెట్లు ఉంటుంది బాన, కొన్ని మనిషి ఎత్తు. లోపల పైన్ చెట్టు జిగురు, తేనెమైనం కలిపి కాచి పూస్తారు. తొక్కలూ గింజలూ కొన్ని కాడలతో సహా గుజ్జు పోస్తారు. పొంగు సమయంలో పైకి తేలే తొక్కల పొరను రోజుకు రెండు మూడుసార్లు కర్రతో కిందికి అదమకపోతే బాన పగులుతుంది. పొంగు చల్లారాక ఆ పొర అడుగుకు దిగుతుంది. రోమన్ల కాలం నాటి పద్ధతి ఇది. తాల్యా వైన్‌కు 2010లో ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు. నవంబర్ 11 దాకా తొక్కల మీదే ఉంచాలన్నది నియమం.

బాన అడుగున ఉన్న బెజ్జానికి చెక్క కొళాయి దిగ్గొట్టారు. మొదట బురదరంగు చుక్కలు. ఒక్కొక్కటే చప్పుడుతో కింద మట్టిచట్టిలో పడ్డాయి. ఆ చట్టిలో నిండినదాన్ని మళ్లీ పైన పోశారు. కాసేపటికి ధార తేరింది. అడుగున పేరుకున్న తొక్కలూ కాడలే వడపోత. అంతావ్ వాజ్, మాంతేఉదో, దియగాల్వెశ్, పెర్రుం. తెల్ల రకాలన్నీ ఒకే బానలో. పసుపుతో రాగి కలిసిన రంగు, పొద్దుతిరుగుడు గింజల వాసన. ఇంత పెద్ద బానలు చేసే కుమ్మరులు ఇప్పుడు అరుదు. వాడుకలో ఉన్నవి చాలావరకు వందేళ్లు దాటినవే, కొన్నింటి మెడ మీద చేసిన ఏడాది అచ్చు వేసి ఉంది.

తీగపందిరి (శామీర్‌పేట) · నవంబర్ 12

చదువుతుంటే చుక్క పడిన చప్పుడు వినిపించింది.

నదీతీరం అమ్మా, నాదొక కోరిక. చలికాలంలో అక్కడ కత్తిరింపులు ఉంటాయి కదా. ఆ పెద్దాయన టురీగా తీగకు ఎన్ని కళ్లు (చిగురు మొగ్గలు) ఉంచి కోస్తారో, సోజావ్‌కు ఎన్ని ఉంచుతారో చూసి రాయగలవా? అంత తక్కువ కాపు కాసే తీగకు ఆయన చేయి ఎలా వెళ్తుందో తెలుసుకోవాలని ఉంది.

నదీతీరం (పోర్తో) · నవంబర్ 13

తప్పకుండా అండీ. జనవరిలో రమ్మన్నారు. ప్రతి తీగ దగ్గరా లెక్కపెట్టి, ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను.